వెల్లకిలా తేలిన లేసు చేప

మొన్న మా ఎదురింటి పాప తన ఫోనుతో నాకు ఒక ఫోటో తీసింది. చూస్తే అందులో నా చేతి గడియారం కుడి చేతికి ఉంది. నేను ఉద్యోగంలో చేరిననాటి నుంచీ ఎడమ చేతికే పెట్టుకుంటున్నాను. ఆ మాటే చెప్పాను. ఆ పిల్ల వేలితో ఒకసారి తాకింది. గడియారం ఎడమ చేతికి వచ్చేసింది. “ఇప్పుడు సరేనా అమ్మమ్మా?” అంది. ఎలా చేశావని అడిగితే, “తిప్పానంతే” అంది. తిప్పడమంటే అంత తేలిక కాదని, ఆ వేలి వెనక నాలుగు అంకెలు పనిచేస్తాయని, అవి మైనస్ ఒకటి, సున్నా, సున్నా, ఒకటి అని చెప్పాను. జ్వరం వచ్చినవాళ్ళ వైపు చూసినట్టు జాలిగా చూసి, మంచినీళ్ళు కావాలా అని అడిగింది.

ఆ నాలుగు అంకెలు నాకు ఎలా పరిచయమయ్యాయో చెప్పాలంటే నా చదువుకునే రోజుల గురించి చెప్పాలి. అందరికీ ఆ రోజులు మీసాలు వచ్చే వయసులోనో జడ కుచ్చులు కట్టుకునే వయసులోనో వస్తాయి. నాకు పెన్షన్‌తో పాటు వచ్చాయి. చిన్నప్పుడు మా నాన్నగారు ఆడపిల్లకి కూడికలూ తీసివేతలూ చాలన్నారు. ఆ కూడికలూ తీసివేతలతోనే ఏలూరులో ఒక ఆఫీసులో లెక్కల విభాగంలో చేరి, పైసా తేడా రాకుండా రిటైరయ్యాను. తరవాత వారం దాటకుండా దూరవిద్యలో బి.ఎస్సీ గణితానికి దరఖాస్తు పెట్టాను. ఏ రోజు పెట్టానో, ఏ రోజు పుస్తకాలు వచ్చాయో అన్నీ నా డైరీల్లో ఉన్నాయి. కానీ ఈ జ్ఞాపకాలు రాయమన్నవాళ్ళు తేదీలు వేస్తే ఎవరూ చదవరని బతిమాలారు కనక వెయ్యడం లేదు. కావలసినవాళ్ళు ఇంటికొచ్చి చూసుకోవచ్చు.

క్లాసులు తాడేపల్లిగూడెంలో, ఆదివారాలు. తెల్లవారగానే కాఫీ తాగి, డబ్బాలో దోసకాయ పప్పూ అన్నం సర్దుకుని, పాసింజరు బండి ఎక్కేదాన్ని. బండి గూడెం చేరుతోందని కళ్ళు మూసుకున్నా తెలిసేది. ముందు మిల్లుల్లోంచి ఉడికిన ధాన్యం వాసన, ఆ వెంటనే మార్కెట్టులోంచి ఉల్లిపాయల ఘాటు. ఆ ఘాటుతో కళ్ళు తుడుచుకుంటూ క్లాసులోకి వెళితే, మా మేష్టారు నేను సిలబస్ చూసి ఏడుస్తున్నానని మొదటి రోజు పొరబడి, “అమ్మగారూ, కష్టమనిపిస్తే చరిత్ర తీసుకోవచ్చండి” అన్నాడు. ఆయన వయసు మా మేనల్లుడి వయసు. నాతోపాటు ఒక కానిస్టేబులూ, ఒక బ్యాంకు గుమాస్తా చదివేవారు. కానిస్టేబులు డ్యూటీ అలసటతో వెనక బల్ల మీద నిద్రపోయేవాడు గానీ ఇంటిపని మాత్రం నా దగ్గర చూసి రాసుకునేవాడు. చట్టం నా వైపు ఉన్నట్టు నాకు ధైర్యంగా ఉండేది.

నా చదువు గిట్టనిది ఒక్క మా అక్కకే. అక్క పేరు సుగుణమ్మ. కైకలూరులో ఉండేది. బావగారికి ఊరి బయట చేపల చెరువులు, ఊళ్ళో మేత కొట్టు. మా పుట్టింటివాళ్ళూ బావగారివాళ్ళూ అమ్మమ్మల కాలం నుంచీ చర్చికి వెళ్ళేవే. “ఆదివారం పూట ఆరాధన మానేసి, రైలెక్కి, కాగితం మీద చుక్కలు పెట్టుకుని వస్తావా?” అని అక్క ఫోనులో ప్రతి వారం అడిగేది. “చుక్కలు కాదక్కా, బిందువులు” అనేదాన్ని. “పేరు మారిస్తే పాపం పోతుందా?” అనేది.

అక్క చేతిలో ఎప్పుడూ లేసు సూది ఉండేది. ఆ పని మా అమ్మ నుంచి వచ్చింది. అమ్మకి మిషనరీల బడిలో దొరసానులు నేర్పారు. సాయంత్రం వంట అయ్యాక అమ్మ వరండాలో చాప వేసుకుని, దారపు ఉండ దొర్లిపోకుండా ఇత్తడి చెంబులో పెట్టుకుని అల్లేది. చెంబులో ఉండ తిరుగుతున్నప్పుడు గరగరమని చిన్న చప్పుడు. ఇప్పటికీ ఆ చప్పుడు వింటే నాకు నిద్రొస్తుంది, అక్కకి మెలకువొస్తుంది. అమ్మది గళ్ళ లేసు. అంటే వల లాగా చిన్న చిన్న చదరపు గళ్ళు అల్లుతూ, బొమ్మ రావలసిన చోట గడిని దారంతో నింపుతారు, మిగతా చోట ఖాళీగా వదిలేస్తారు. అమ్మకి ఒక నియమం ఉండేది. లేసుకి రెండు వైపులూ ఒకేలా కనపడతాయి గానీ అల్లినవాళ్ళ వేళ్ళకి ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది. చర్చిలో దేవుడి బల్ల మీద వెనకవైపు పైకి రాకూడదు. ఈ నియమం ఏ పుస్తకంలో ఉందని నేను అడిగితే చెంబుతో సహా లేచి వెళ్ళిపోయేది.

ఒక ఏడు కోత పండుగకి, అంటే పంటలో కొంత చర్చికి తెచ్చి ఇచ్చే ఆదివారానికి, కైకలూరు చర్చిలో దేవుడి బల్లకి కొత్త గుడ్డ అమ్మ పేరున ఇస్తానని అక్క మాట ఇచ్చింది. గుడ్డ ముందు భాగంలో మధ్యన లేసు సిలువ, దానికి అటూ ఇటూ ఎదురెదురుగా రెండు చేపలు. అమ్మ గీసిన చేప కాగితం ఒకటి అక్క దగ్గర ఉంది. కానీ అందులో ఉన్నది ఒకటే చేప, అదీ తువ్వాలు అంచుకి సరిపడేంత చిన్నది, తల కుడివైపుకి. దాన్ని రెండింతలు చెయ్యాలి, దానికి ఎదురు చూసే జత కావాలి. “నీ చుక్కలతో ఇది అవుతుందా?” అని అక్క అడిగింది. ఏ విద్యార్థికైనా ఇంతకంటే ఏం కావాలి. అవుతుందన్నాను.

సరిగ్గా అప్పుడే మేష్టారు మాత్రికలు మొదలుపెట్టాడు. కాగితం మీద ఒక చోట సున్నా అనుకుంటే, ఏ బిందువునైనా రెండు అంకెలతో చెప్పొచ్చు. సున్నా నుంచి పక్కకి ఎంత, పైకి ఎంత, అంతే. మాత్రిక అంటే నాలుగు అంకెలు రెండు వరుసల్లో కూర్చున్న పెట్టె. బిందువు అంకెల్ని ఆ పెట్టెతో గుణిస్తే కొత్త బిందువు వస్తుంది. పెట్టెలో అంకెలు మార్చితే బొమ్మ పెరుగుతుంది, తిరుగుతుంది, అద్దంలో పడినట్టు తారుమారవుతుంది. నాలుగు అంకెలు ఇంత పని చెయ్యడం నాకు ఉద్యోగంలో ఎక్కడా తగల్లేదు. అక్కడ నాలుగు అంకెలు చేసేదల్లా తేడా రావడమే.

రెండింతలు చెయ్యడానికి పెట్టెలో రెండు, సున్నా, సున్నా, రెండు వేశాను. అమ్మ చేపలో నింపిన ప్రతి గడినీ గుణించి, కొత్త కాగితం మీద నల్ల సిరాతో నింపి, బస్సెక్కి కొల్లేరు దాటి తీసుకెళ్ళాను. అక్క దాన్ని దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది.

“ఇది చేపా, చేపని పట్టే వలా?” అంది.

నిజమే. ప్రతి గడీ రెండింతల దూరం జరిగింది గానీ జరిగిన గళ్ళ మధ్య అన్నీ ఖాళీలు. బావగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. “ఏవమ్మా రత్నం, దీనికి చేప జబ్బేదో తగిలినట్టుంది. మా చెరువులో ఇలాంటివొస్తే సున్నం చల్లుతాం” అన్నారు. తరవాతి ఆదివారం మేష్టారిని నిలదీశాను. ఆయన చాలాసేపు చూసి, “మీరు గడికి ఒక మూలే తీసుకెళ్ళారండి అమ్మగారూ. నాలుగు మూలలూ తీసుకెళ్ళి మధ్యన నింపాలి” అన్నాడు. చేప ఒంటి మీదికి కండ వచ్చింది.

జత చేపకి ఇంకో చిక్కు. మొదట నేను సున్నాని కాగితం ఎడమ మూలన పెట్టాను, పద్ధతిగా. పక్కకి ఉన్న అంకెకి మైనస్ గుర్తు పెడితే జత చేప కాగితం దాటి, లెక్క ప్రకారం బల్ల కూడా దాటి, పాస్టరు అయ్యగారి కుర్చీలో పడింది. అప్పుడు సున్నాని తీసుకెళ్ళి సిలువ మధ్యన పెట్టాను. సిలువకి ఎడమనున్న చేప కుడివైపుకి వచ్చి, తల సిలువ వైపు పెట్టి, బుద్ధిగా నిలబడింది. ఇదంతా కైకలూరు పాస్టరు అయ్యగారికి టీ తాగుతూ చెప్పాను. మాత్రికతో ఏం చేసినా బిందువులన్నీ కదులుతాయి, సున్నా దగ్గరున్నది మాత్రం కదలదు అన్నాను. అయ్యగారు కప్పు కింద పెట్టేశారు. ఆ ఆదివారం ప్రసంగంలో, లోకమంతా పెరిగినా తరిగినా తల్లకిందులైనా సిలువ దగ్గరున్నవాడు కదలడని గణితశాస్త్రం కనిపెట్టిందని చెప్పారట. అక్క ఫోను చేసి, “నీ చదువు గురించి అయ్యగారు చెప్పారే” అంది. ఆ వారం ఆరాధన గురించి అడగలేదు.

ఎడమ చేప అక్క నా పటం చూసి తనే అల్లింది. అది పూర్తయ్యేసరికి ఆమె పటాన్ని మరీ దగ్గరగా పెట్టుకుంటోందని బావగారు కనిపెట్టి, ఏలూరులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకొచ్చారు. నీటికాసులు, అదే గ్లాకోమా అన్నాడు డాక్టరు. చాలా ఆలస్యంగా వచ్చారు, పోయిన చూపు తిరిగి రాదు, చుక్కల మందుతో ఉన్నది కొంతకాలం నిలబెట్టుకోవచ్చు, ఇక సన్న పని మానెయ్యాలి అన్నాడు. అక్క అన్నీ విని, “కోత పండుగ దాకా ఉంటుందా అండీ?” అని అడిగింది. డాక్టరు పొలం సంగతనుకుని, “కోతలు కూలీలు కోస్తారు కదమ్మా” అన్నాడు. నేను గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాను. ఆ గుడ్డ అక్క చేతి చివరి పనని మా ముగ్గురికీ అక్కడే తెలిసింది.

కుడి చేపకి పటం పనికిరాదు. ఎంత పెద్దగా గీసినా అక్కకి కనపడేది తెల్లటి మసక. కాబట్టి చేపని మాటల్లోకి మార్చాను. ఒక్కొక్క వరుసలో ఎన్ని గళ్ళు వదలాలి, ఎన్ని నింపాలి అని రాసి పంపితే, బావగారు సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి చదువుతారు, అక్క వింటూ అల్లుతుంది. లేసులో ఒక వరుస అటు వెళితే తరవాతి వరుస ఇటు వస్తుంది. అది గుర్తుంచుకుని వరుస విడిచి వరుసకి బాణం గుర్తు వేశాను, బావగారు వెనక నుంచి చదవాలని. అంత జాగ్రత్త పడ్డందుకు నాకు నేనే ముచ్చటపడ్డాను. బావగారు “వదులు, నింపు, వదులు” అని చదువుతుంటే పక్కింటివాళ్ళు చెరువుకి నీళ్ళు పెట్టిస్తున్నారనుకునేవారట.

పండుగ ఆదివారం. నేను శుక్రవారం సాయంత్రానికి కైకలూరు చేరాను. అక్క రెండు చేపల్నీ గంజి పెట్టి ఆరేసి, తెల్లగుడ్డ మంచం మీద పరిచి, వాటిని వాటి చోట్లలో గుండుసూదులతో గుచ్చించింది. ఇక అంచులు కుట్టి, లేసు వెనకనున్న గుడ్డ కత్తిరించెయ్యడమే మిగిలింది. నేను ఎండలో వచ్చిన కళ్ళతో గుమ్మంలో నిలబడి చూస్తున్నాను, ఏదో తేడాగా ఉంది గానీ ఏమిటో తెలియడం లేదు. ఇంతలో బావగారు తౌడు వాసనతో చెరువు నుంచి వచ్చి, నా పక్కన నిలబడి, తలపాగా తీసేశారు.

“ఎడమది బతికే ఉంది రత్నం. కుడిది పోయింది” అన్నారు.

కుడి చేప తల సిలువ వైపే ఉంది. కానీ పొట్ట ఆకాశంలోకి ఉంది. మిగతా ఊళ్ళలో అయితే ఇది చిన్న పొరపాటు. కైకలూరులో కాదు. ముసురు పట్టిన రాత్రుల తరవాత, నీళ్ళలో గాలి చాలక, తెల్లారేసరికి చెరువు నిండా పొట్టలు పైకి పెట్టి తేలతాయి చేపలు. ఆ తెలుపు చూసి కూలబడిపోయిన ఇళ్ళు ఆ చర్చిలో ప్రతి బెంచీకీ ఉన్నాయి. కోత పండుగనాడు, ఆశీర్వాదం చెప్పే బల్ల మీద, చచ్చి తేలిన చేప.

అక్క మంచం దగ్గరికి వచ్చి వేళ్ళతో రెండు చేపల్నీ తడిమింది. వీపు రెక్క ఎక్కడుందో, పొట్ట ఎక్కడుందో చూసుకుంది.

“నువ్వు చెప్పిందే అల్లాను” అంది.

“నేను సరిగ్గానే చెప్పాను” అన్నాను.

బావగారు కాగితాలు తెచ్చారు. బాణాలన్నీ సరిగ్గా ఉన్నాయి. మొదటి వరుసలో వీపు రెక్క, చివరి వరుసలో పొట్ట.

“మొదటి వరుస ఎక్కడ మొదలుపెట్టావు?” అని అడిగాను.

“కిందనించి. లేసు పైనించి మొదలుపెడతారా ఎవరైనా?”

“కాగితం కిందనించి చదువుతారా ఎవరైనా?”

“ఇద్దరూ చదువుకున్నవాళ్ళే” అన్నారు బావగారు, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

నేను చేపని కుడి ఎడమలకి తారుమారు చేశాను. అక్క నాకు తెలియకుండా దాన్నే పైకీ కిందకీ తారుమారు చేసింది. రెండు మాత్రికల్నీ కాగితం వెనక రాసి గుణించాను. మైనస్ ఒకటి, సున్నా, సున్నా, మైనస్ ఒకటి. సగం చుట్టు తిరగడం అది. ఇద్దరం ఎవరి పద్ధతిలో వాళ్ళం తప్పు లేకుండా చేస్తే, లబ్ధం చచ్చిన చేప.

“తిరిగిందంటున్నావు కదా, మళ్ళీ తిప్పేస్తే సరి” అని అక్క సూదులు తీసి చేపని సగం చుట్టు తిప్పింది. పొట్ట కిందకి వచ్చింది. తల కూడా సిలువని వదిలేసి గోడ వైపు తిరిగింది. రెండు చేపలూ రేషను కొట్టు దగ్గర వరుసలో నిలబడ్డట్టున్నాయి. అక్క కుడిదాన్ని ఎడమకీ, ఎడమదాన్ని కుడికీ మార్చి చూసింది. నిలువుగా పెట్టింది, ఏటవాలుగా పెట్టింది. బావగారు కూడా ఒక చెయ్యి వేశారు. నేను అప్పటికే లెక్క వేసేశాను. మాత్రికకి నిర్ధారకం అని ఒక అంకె ఉంటుంది. బొమ్మని ఎంత తిప్పినా దాని ప్లస్ మైనస్ గుర్తు మారదు, తిరగేస్తేనే మారుతుంది. ఈ రెండు చేపలకీ ఒకటే గుర్తు.

“ఎంత తిప్పినా ఎదురెదురు రావక్కా. ఏదో ఒకదాన్ని తిరగేసి వెనకవైపు పైకి పెట్టాల్సిందే. వేరే దారి లేదని లెక్క చెబుతోంది.”

“దేవుడి బల్ల మీద వెనకవైపా? అమ్మ పేరున ఇచ్చే గుడ్డ మీదా?”

“ఎవరికీ తెలియదు.”

“నాకు తెలుస్తుంది.”

“నీకు తప్ప?”

“దేవుడికి.”

“ఆయనకి రెండు వైపులూ కనపడతాయి కదా సుగుణా” అన్నారు బావగారు. “ఏ వైపు ముందో మనం చెప్పాలా?”

అక్క మంచం పట్టీ మీద కూర్చుంది. కొత్త చేప అల్లడానికి రోజులూ లేవు, కళ్ళూ లేవు. “ఏది తిరగెయ్యాలి?” అని అడిగింది. అది లెక్క చెప్పదన్నాను. కుడిదాన్ని ఉన్నచోటే కిందనించి పైకి తిరగెయ్యవచ్చు. లేదా కుడిదాన్ని సగం చుట్టు తిప్పి ఎడమకి తెచ్చి, ఎడమదాన్ని పుస్తకంలో పేజీలా తిరగేసి కుడికి పంపవచ్చు. ఎలా చేసినా చివరికి కుడివైపున ఉండే చేపే వెనకవైపు చూపిస్తుంది. కాకపోతే అది ఏ చేపన్నది అల్లినవాళ్ళ ఇష్టం. అక్క విని, “మీరిద్దరూ మార్కెట్టుకి వెళ్ళి చర్చికి పువ్వులు తీసుకురండి” అంది. బంతిపూలు బేరమాడి మేం తిరిగొచ్చేసరికి సూదికీ కత్తెరకీ పని అయిపోయింది. రెండు చేపలూ సిలువకి ఎదురెదురుగా, పొట్టలు కిందకి పెట్టి ఉన్నాయి. కుట్లు ఎక్కడెక్కడ పడ్డాయో అక్క వేళ్ళతో చూసుకుంటోంది. ఏది తిరగేశావని అడిగితే, టీ పెట్టమంది.

ఆదివారం బల్ల ముందు సొరకాయలూ గుమ్మడికాయలూ వరి కంకుల కట్టా, కాళ్ళు కట్టిన కోడిపుంజూ, వేలానికి తెచ్చిన పెద్ద బొచ్చె చేపా. పుంజు ప్రార్థన మధ్యలో ఆమెన్ చెప్పాల్సినచోట కాకుండా అన్నిచోట్లా కూసింది. లేసు పని తెలిసిన ఒక ముసలమ్మ బల్ల దగ్గరికి వచ్చి, కుడి చేప మీదికి వంగి చాలాసేపు చూసింది. “మీ అమ్మ చెయ్యే” అని అక్క భుజం తట్టి వెళ్ళిపోయింది. అక్క ముఖం నేను ఆ రోజు చూసినట్టు ముందూ చూడలేదు, తరవాతా చూడలేదు. మా మేష్టారికి చెబితే, పరీక్షలో రెండు పరావర్తనాల, అదే అద్దపు తారుమారుల, లబ్ధం ఏమిటని ఇవ్వడం ఖాయమన్నాడు. ఇచ్చారు. జవాబులో చేపల ఊసు ఎత్తకుండా రాయడానికి చాలా నిగ్రహం కావలసొచ్చింది.

ఇప్పుడు బి.ఎస్సీ చదవడానికి ఎవరూ రైలెక్కక్కర్లేదు. పాఠం ఇంటికే వస్తుంది, ఉల్లిపాయల ఘాటు లేకుండా. కైకలూరులో లేసు గజాల లెక్కన కొట్లో దొరుకుతుంది, మిషను అల్లినది. దానికి ముందూ వెనకా ఉన్నాయేమోనని కొట్టువాణ్ణి అడిగితే ధర తగ్గించాడు. అప్పటి పద్ధతులు గొప్పవని నేననను. నడుం నొప్పి డైరీల్లో రాసి ఉంది. కానీ అప్పట్లో ఒక పొరపాటు జరగడానికి కూడా ముగ్గురు మనుషులు కొన్ని వారాల పాటు ఒకరి మాట ఒకరు వినాల్సొచ్చేది. ఇప్పుడు ఒక వేలు చాలు. బావగారు ఇప్పుడు లేరు. అక్కకి వెలుగూ చీకటీ తేడా మాత్రం తెలుస్తుంది.

నిరుడు కోత పండుగకి వెళ్ళాను. ఇద్దరం అందరికంటే ముందు చర్చికి చేరాం. బల్ల మీద ఆ గుడ్డే. స్త్రీల సమాజం పిల్లలు ఉతికి, ఇస్త్రీ చేసి పరిచారు. అక్క నా చెయ్యి పట్టుకుని బల్ల దాకా వచ్చి, కుడి చేప మీద వేళ్ళు పెట్టింది. అక్కడే ఆగిపోయింది.

“గుడ్డ మొత్తం తిరగేసి పరిచారు రత్నం. అవతలి చేప వెనకవైపు చూపిస్తోంది.”

వంగి చూశాను. నాకేమీ తెలియలేదు. అంచు మడతలు చూస్తే ఆమె చెప్పింది నిజమే. గుడ్డని పేజీలా తిరగేస్తే కుడిది ఎడమకి పోతుంది, ఎడమది కుడికి వస్తుంది, వెనకవైపు చూపించే వంతు రెండోదానికి వస్తుంది. అంతవరకూ లెక్క నాకు అందుతుంది. నాకు అందనిది ఒక్కటే.

“అవతలిదంటే ఏదక్కా? కళ్ళతో అల్లిందా, వింటూ అల్లిందా?”

“ఇవతలిది కానిది” అంది. “ఆ కొస పట్టుకో. జనం రాకముందే సరిచేద్దాం.”

ఆమె ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని పైకెత్తి గుడ్డని కిందనించి పైకి తిరగేశాం. చేపలు రెండూ పొట్టలు పైకి పెట్టాయి. అక్కకి చెప్పాను. “తెలుసు” అంది. గుడ్డ నేలకి తగలకుండా బిగపట్టుకుని, బల్ల చుట్టూ సగం చుట్టు, ఆమె నా చోటికీ నేను ఆమె చోటికీ నడిచాం. చేపల పొట్టలు కిందకి వచ్చాయి. ఆమె అడుగు తడబడలేదు, నాదే ఒకసారి గుమ్మడికాయకి తగిలింది.